పెట్టుడు గోళ్ళు మూణ్ణాళ్ళ ముచ్చటేనా?

కళాశాల వార్షిక సంచిక అనగానే కవితలూ, కథానికలూ, దేశ పరిస్థితుల మీద గంభీరమైన వ్యాసాలూ ఉంటాయని పాఠకులు ఎదురుచూస్తారు. వాటి నడుమ గోళ్ళ మీద వ్యాసమేమిటని మా లెక్చరర్లు కళ్ళద్దాలు సవరించుకోవచ్చు. ‘ఇది ఆడపిల్లల గోల, మనకెందుకు’ అని మగపిల్లలు పేజీ తిప్పేయనూ వచ్చు. కాస్త ఆగమని మనవి.

నేను రసాయనశాస్త్రంలో ఎమ్మెస్సీ చదువుతున్నాను, హాస్టల్లో ఉంటున్నాను. ఫ్రెషర్స్ డే గానీ, వార్షికోత్సవం గానీ, ఎవరి అక్క పెళ్ళి గానీ వచ్చిందంటే చాలు, మా వరండాలో అమ్మాయిలు గోళ్ళ డబ్బాలు పట్టుకుని నా గదికి వచ్చేస్తారు. కెమిస్ట్రీ చదివినవాళ్ళకి జిగురు గురించి తెలుస్తుందని వాళ్ళ నమ్మకం. వాళ్ళడిగే ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే: ‘అక్కా, ఇవి ఊడకుండా ఎన్నాళ్ళుంటాయి?’ జిగురు ఎంత గట్టిదైతే అన్నాళ్ళు అని వాళ్ళ ఊహ. గట్టిదనం సంగతి సరే గానీ, ఆ జిగురు పట్టుకుని వేలాడేది మన సొంత గోటిని. ఆ గోరు శుభ్రంగా, పొడిగా, ఆరోగ్యంగా ఉన్నన్నాళ్ళే పైగోరు నిలుస్తుంది. ఈ ఒక్క మాటనే కాస్త విడమరిచి చెప్దామని ఈ వ్యాసం.

పళ్ళ డాక్టర్ల చలవ

ఇంగ్లీషులో ‘ప్రెస్-ఆన్ నెయిల్స్’ అనే వీటిని మా అమ్మమ్మ ‘పెట్టుడు గోళ్ళు’ అంటుంది, పెట్టుడు పళ్ళున్నట్టే. ఆవిడ తెలియక అన్నా ఆ మాటలో చరిత్ర ఉంది. 1934లో గోళ్ళు కొరుక్కునే అలవాటున్నవాళ్ళ కోసం కృత్రిమమైన గోళ్ళు తయారుచేసినాయన మాక్స్‌వెల్ లాప్ అనే షికాగో దంతవైద్యుడు. 1954లో ఫ్రెడ్ స్లాక్ అనే మరో దంతవైద్యుడు పనిలో తన గోరు విరగ్గొట్టుకుని, దాని స్థానంలో అచ్చం గోరులాగే కనిపించేదాన్ని తయారుచేసుకున్నాడు. అంటే ఈ గోళ్ళు అలంకారంగా మారకముందు అవసరంగా పుట్టాయన్నమాట. నేటికీ క్లాసికల్ గిటారు వాయించేవాళ్ళలో కొందరు గోరు విరిగితే పెట్టుడు గోరు అతికించుకుని కచేరీ కానిస్తారు. కనక ఇది ఆడపిల్లల గోల మాత్రమే అనుకోనక్కర్లేదు.

అసలు గోరంటే ఏమిటి?

గోరు చూడ్డానికి గట్టి పలకలా ఉంటుంది గానీ అది పొరలు పొరలుగా అమరిన నిర్జీవ కణాల దొంతర. అందులో ఉండే ముఖ్య పదార్థం కెరటిన్ అనే మాంసకృత్తు. మన జుట్టులో, ఆవు కొమ్ములో ఉండేదీ ఆ జాతిదే. చేతిగోరు మందం సుమారు అర మిల్లీమీటరు. నెలకు దాదాపు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. మొదలు నుంచి కొస దాకా ఒక కొత్త గోరు రావాలంటే ఆరు నెలలు కావాలి. ఈ లెక్క గుర్తుంచుకోండి, దీనితో తర్వాత పని పడుతుంది.

గోటికున్న మరో గుణం నీళ్ళు పీల్చుకోవడం. చర్మం కన్నా గోటి గుండా నీరు ఎన్నో రెట్లు వేగంగా వస్తూ పోతూ ఉంటుంది. బకెట్టెడు బట్టలు ఉతికాక గోరు మెత్తబడి వంగడం అందరం చూసిందే. తడిసినప్పుడు గోరు ఉబ్బుతుంది, ఆరినప్పుడు ముడుచుకుంటుంది. పైన అతికించిన ప్లాస్టిక్ గోరు అలా ఉబ్బదు, ముడుచుకోదు. కింద ఉన్నది కదులుతూ, పైన ఉన్నది కదలకుండా ఉంటే మధ్యనున్న జిగురు గతేమవుతుంది? రోజుకు పదిసార్లు లాగి వదిలిన దారంలా అలిసిపోతుంది. పెట్టుడు గోళ్ళు ఊడడానికి మొదటి కారణం ఇదే.

తడితో బిగిసే జిగురు

డబ్బాలో చిన్న గొట్టంలో ఇచ్చే జిగురు సయనోయాక్రిలేట్ జాతిది. దీని కథ కూడా తమాషా అయిందే. 1942లో అమెరికాలో ఈస్ట్‌మన్ కొడాక్ సంస్థలో హారీ కూవర్ బృందం తుపాకీ గురిచూసే సాధనాల కోసం పారదర్శకమైన ప్లాస్టిక్‌ను వెతుకుతూ ఈ పదార్థాన్ని చేసింది. ముట్టుకున్న ప్రతిదానికీ అంటుకుపోతోందని విసుగెత్తి పక్కన పెట్టేశారు. 1951లో ఆ అంటుకునే గుణమే దాని గొప్పతనమని తెలుసుకున్నారు. 1958లో జిగురుగా బజారులోకి వచ్చింది.

మామూలు బంక ఆరితే బిగుస్తుంది. ఇది తడి తగిలితే బిగుస్తుంది. గాలిలోనూ, గోటి మీదా ఉండే లేశమాత్రపు తేమ చాలు, విడివిడిగా ఉన్న చిన్న అణువులు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని గొలుసులుగా మారిపోతాయి. దీన్నిబట్టి మూడు సంగతులు తేలుతున్నాయి.

మొదటిది, జిగురు పలుచగా ఉండాలి. ఎక్కువ పోస్తే ఎక్కువ పట్టు అనుకుంటాం గానీ, మందంగా పోసిన జిగురులో లోపలిదాకా తేమ అందదు. పైన బిగుసుకుని నడుమ మెత్తగా మిగులుతుంది. రెండోది, మూత తీసిన గొట్టం ఎక్కువ కాలం నిలవదు. విశాఖ, కాకినాడ వంటి సముద్రతీరపు ఊళ్ళ గాలిలో తేమ ఎక్కువ కాబట్టి మరీ తొందరగా చిక్కబడుతుంది. తీగలు సాగుతున్న జిగురును పారెయ్యడమే మేలు. మూడోది, ఒకసారి బిగిశాక ఈ జిగురును తిన్నగా పైకి లాగితే గట్టిగా నిలుస్తుంది గానీ, ఒక అంచు పట్టుకుని ఒలిస్తే సులువుగా లొంగిపోతుంది. అరటితొక్క సంగతే. అంచు లేవకుండా చూసుకోవడమే సగం కాపాడుకోవడం.

జిగురు బదులు రెండువైపులా అంటుకునే పారదర్శకమైన బిళ్ళలు కూడా డబ్బాలో వస్తాయి. ఇవి ఒకటి రెండు రోజులు ఆగుతాయి. ఒక సాయంత్రపు నాటకానికో, పెళ్ళికో అయితే ఇవే మంచివి. గోటికి హాని తక్కువ, గోళ్ళను మళ్ళీ వాడుకోవచ్చు. జిగురుతో పద్ధతిగా పెట్టుకుంటే వారం నుంచి రెండు వారాలు ఉంటాయి. చెప్పులకూ బొమ్మలకూ అంటించే జిగురుతో మాత్రం గోళ్ళు అతికించకండి. అది చర్మం కోసం తయారైంది కాదు.

అతికించే ముందు

నా గదికి వచ్చే అమ్మాయిల్లో చాలామంది కుర్చీలో కూర్చోగానే గొట్టం మూత తీస్తారు. అసలు పనంతా దానికి ముందే ఉంది.

ముందు గోళ్ళ సైజు చూసుకోండి. డబ్బాలో సాధారణంగా 24 గోళ్ళు ఉంటాయి, రకరకాల వెడల్పుల్లో. పది వేళ్ళకూ పది ఏరి వరసగా పెట్టుకోవాలి. రెండు సైజుల మధ్య సందేహం వస్తే పెద్దది తీసుకుని పక్కలు ఆకురాయితో రుద్ది సరిచేయండి. చిన్నదైతే పక్కనుంచి నీళ్ళు దూరతాయి. పెద్దదైతే అంచు చర్మం మీదికెక్కి, చర్మం కదిలినప్పుడల్లా పైకి లేస్తుంది. వంపు కూడా చూడాలి. చదునైన గోటిని వంపు తిరిగిన గోటి మీద నొక్కిపెడితే అది స్ప్రింగులా తన పాత ఆకారానికి పోవాలని చూస్తూనే ఉంటుంది.

గోటి మొదట్లో పలుచని చర్మపు పొర ఒకటి ఉంటుంది. అది గోటి మీదికి పాకి ఉంటే జిగురు గోటికి బదులు చర్మానికి పడుతుంది. స్నానం చేశాక మెత్తటి తువ్వాలుతో దాన్ని మెల్లగా వెనక్కి నెట్టండి. కత్తిరించకండి. గోటి మొదట్లోకి క్రిములు దూరకుండా కాపలా కాసేది ఆ పొరే. ఈ పని ముందురోజు చేసుకుంటే ఇంకా మంచిది. నీళ్ళలో నానిన గోటి మీద వెంటనే అతికిస్తే, గోరు ఆరి ముడుచుకున్నాక పట్టు సడలుతుంది.

తర్వాత ఆకురాయితో గోటి మెరుపు పోయేంతవరకు రెండు మూడుసార్లు, మెత్తగా రాయాలి. వడ్రంగి గరుకు కాగితం పట్టుకొచ్చిన మహాతల్లులను కూడా చూశాను! గోరు మందమే అర మిల్లీమీటరైనప్పుడు అందులోంచి ఎంతని అరగదీస్తాం? చివరగా దూదిని స్పిరిట్‌లో ముంచి గోటిని తుడిచి, ఒక నిమిషం ఆరనివ్వండి. తలకు రాసుకున్న కొబ్బరినూనె ఎంత కడిగినా గోటి పక్కల దాక్కుని ఉంటుంది. నూనె ఉన్నచోట జిగురు పట్టదు.

ఇక్కడ చాలామంది అడిగే ప్రశ్న: ఆషాఢంలో పెట్టుకున్న గోరింటాకు ఉంటే అతుక్కుంటాయా? నిక్షేపంగా అతుక్కుంటాయి. గోరింటాకులోని లాసోన్ అనే రంగు గోటి కెరటిన్‌తోనే కలిసిపోతుంది. గోళ్ళరంగులా పైన వేరే పొరగా ఉండదు. అయితే ఎరుపు పండాలని పైన రాసిన నూనెను మాత్రం స్పిరిట్‌తో తుడిచేయాలి.

అతికించే పద్ధతి

రాత్రి పడుకోబోయే ముందు అతికించుకోవడం ఉత్తమం. అప్పటికి అంట్లూ, స్నానాలూ అయిపోయి ఉంటాయి. జిగురుకు తెల్లవారేదాకా వ్యవధి దొరుకుతుంది. సొంత గోటి మీద ఒక చిన్న చుక్క పలుచగా పరిచి, పెట్టుడు గోరు లోపలివైపు ఇంకొక చుక్క రాయండి. పెట్టుడు గోటి మొదలును సొంత గోటి మొదలుకు వెంట్రుకవాసి ఎడంగా, ఏటవాలుగా ఆనించి, అక్కణ్ణుంచి కొస వైపు మెల్లగా వాల్చుతూ నొక్కండి. అలా చేస్తే లోపలి గాలి కొసనుంచి బయటికి పోతుంది. గాలిబుడగ మిగిలిందంటే రేపు నీళ్ళు చేరే గుంట సిద్ధమైందన్నమాటే. అర నిమిషం కదలకుండా పట్టుకోండి. బొటనవేళ్ళు ఆఖర్న పెట్టుకోండి, ముందే పెట్టుకుంటే తక్కిన గోళ్ళను నొక్కడం కష్టం.

రెండు హెచ్చరికలు. పొంగిన జిగురును దూదితో తుడవబోకండి. ఈ జిగురు దూదికి తగిలితే ఒక్కసారిగా వేడెక్కుతుంది, వేలు కాలేంతగా. రెండోది మరీ ముఖ్యం. ఈ గొట్టాన్ని కంటిచుక్కల మందు పక్కన ఎప్పుడూ పెట్టకండి. రెండూ చూడ్డానికి ఒకలాగే ఉంటాయి. పొరపాటున కంట్లో పడితే రెప్పలు బలవంతంగా తెరవకుండా, నీళ్ళతో కడుగుతూ వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

రోజూ చేసుకోవలసినవి

అతికించడం అరగంట పని. నిలబెట్టుకోవడం రోజూ చేసే పని.

నీళ్ళతో మొదలుపెడదాం. చేతులు కడుక్కోవద్దని నేననడం లేదు. కడుక్కోవాలి, వెంటనే తుడుచుకోవాలి, ముఖ్యంగా గోటి కిందివైపు. బట్టలు నానబెట్టిన బకెట్లో చేతులు పెట్టే పనికి రబ్బరు తొడుగులు వేసుకోండి. ఉతికే రాయి మీద బట్ట రుద్దేటప్పుడు గోరు రాయికి తగిలితే ఎంత జిగురైనా ఆగదు.

తర్వాత నూనె. మనం చేత్తో అన్నం కలుపుకు తినేవాళ్ళం. ఆవకాయ నూనె గోటి అంచున చేరుతుంది. భోజనం కాగానే సబ్బుతో కడిగి తుడుచుకుంటే చాలు. పసుపు తగిలితే లేతరంగు గోళ్ళు పచ్చబడతాయి. దానికి కంగారు పడక్కర్లేదు, పసుపు రంగు ఎండకు వెలిసిపోయే గుణం కలది. తలకు నూనె పెట్టుకునే రోజున స్నేహితురాలి సాయం తీసుకోండి. పనిలో పనిగా కబుర్లూ అవుతాయి.

మూడోది బలం. గునపం పొడుగైనకొద్దీ బండరాయి సులువుగా కదులుతుందని అందరికీ తెలుసు. గోటి విషయంలో బండరాయి మన సొంత గోరే. పెట్టుడు గోరు వేలు దాటి ఎంత పొడుగుంటే, కొస మీద పడిన చిన్న దెబ్బ మొదట్లో అంత పెద్ద లాగుడవుతుంది. అందుకే వేలి కొసకు కొద్దిగా మాత్రమే దాటే గోళ్ళు ఎక్కువ రోజులు నిలుస్తాయి. పొడుగు గోళ్ళు ఫొటోలో బాగుంటాయి, పరీక్షల వారంలో బాగుండవు.

‘గోటితో పోయేదానికి గొడ్డలెందుకు’ అని మన సామెత. పెట్టుడు గోళ్ళున్నన్నాళ్ళూ ఈ సామెతను తిరగేసుకోవాలి. స్టీలు డబ్బా మూత చెంచా కాడతో తీయండి. కూల్‌డ్రింకు టిన్ను పక్కవాళ్ళ చేత తీయించండి. ఫోను మీదా, కంప్యూటరు మీదా గోటి కొసతో కాకుండా వేలి కండతో నొక్కండి.

రోజూ రాత్రి ఒక చుక్క కొబ్బరినూనె గోటి మొదట్లోని చర్మానికి రాసుకుంటే చర్మం పగలదు. మొదట్లో ఒక పూట ఆగి, జిగురు పూర్తిగా బిగిశాక ఇది మొదలుపెట్టండి. అంచు కిందికి నూనె పోకుండా పుల్లతో రాయండి.

లేబొరేటరీలో, వంటింట్లో, ఆసుపత్రిలో

మా లేబొరేటరీకి పెట్టుడు గోళ్ళతో రావద్దనే నా మాట. అసిటోన్ తగిలితే ఆ ప్లాస్టిక్ కరిగి జిడ్డవుతుంది. బున్సెన్ జ్వాల దగ్గర మెత్తబడి, అంటుకుంటే వేలిమీదే మండుతుంది. కొసలు వాడిగా ఉంటే చేతి తొడుగులు చిరుగుతాయి. వంటింటి స్టవ్వుకూ, దీపారాధనకూ ఇదే జాగ్రత్త. వైద్యం, నర్సింగు చదివే సోదరీమణులకు మరో మాట. రోగులను తాకి పనిచేసేవారు కృత్రిమ గోళ్ళు ధరించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 నాటి చేతి శుభ్రత మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఎంత కడిగినా ఆ గోళ్ళ కింద క్రిములు మిగిలిపోతాయి. మనమే రోగులుగా శస్త్రచికిత్సకు వెళ్ళినప్పుడు కూడా గోళ్ళు తీసేయమంటారు. రక్తంలో ప్రాణవాయువు శాతం చూసే పరికరం వేలికొసకే కదా పెట్టేది.

లేచిన గోటిని ఏం చేయాలి?

అంచు కొద్దిగా లేవగానే అందరూ చేసే పని, దాని కింద మరో చుక్క జిగురు పోయడం. అప్పటికే లోపల తడి చేరి ఉంటుంది. పైన మూత వేసి తడిని బంధించడమే అవుతుంది. చీకటి, తడి, వెచ్చదనం ఉన్నచోట సూడోమోనాస్ అనే సూక్ష్మజీవులు పెరిగి గోటిని ఆకుపచ్చగా మారుస్తాయి. పక్కచర్మానికి క్రిములు పట్టి గోరుచుట్టు లేస్తే ఇక ‘గోరుచుట్టు మీద రోకటిపోటు’ అనుభవమే. కనక లేచిన గోటిని పూర్తిగా తీసి, సొంత గోటిని కడిగి, బాగా ఆరనిచ్చి, స్పిరిట్‌తో తుడిచి, మళ్ళీ అతికించండి. ఆకుపచ్చ మచ్చ గానీ, నొప్పి గానీ, వాపు గానీ కనిపిస్తే అతికించడం మానేసి డాక్టరుకు చూపించాలి. దురద, ఎరుపు వచ్చినా అంతే. ఆ రసాయనాలు మీ ఒంటికి పడలేదని అర్థం. ఒకసారి పడకపోతే ఆ గుణం సాధారణంగా జీవితాంతం ఉండిపోతుంది.

తీయడంలోనే ఉంది మర్యాద

ఈ వ్యాసం రాయడానికి నన్ను పురిగొల్పింది ఈ భాగమే. కిందటేడు వార్షికోత్సవం మర్నాడు మా జూనియర్ ఒకమ్మాయి, ఊరికి బస్సుకు టైమవుతోందని పది గోళ్ళూ లాగి పారేసింది. జిగురు వదల్లేదు, ఆమె సొంత గోటి పై పొరలే ఊడివచ్చాయి. మిగిలిన గోళ్ళు ఉల్లిపొరలా పలుచబడి, వేడి సాంబారు తగిలితే కళ్ళనీళ్ళు పెట్టుకునేది. ఆ గోళ్ళు తిరిగి మామూలు కావడానికి ఏ క్రీమూ లేదు. నెలకు 3 మిల్లీమీటర్ల లెక్కన కొత్త గోరు మొదటి నుంచి పెరిగి రావలసిందే. ఐదు నిమిషాల తొందరకు ఐదారు నెలల జరిమానా!

పద్ధతి ఇది. గోరువెచ్చని నీళ్ళలో కాస్త సబ్బూ, నాలుగు చుక్కల నూనే వేసి పావుగంట వేళ్ళు నానబెట్టండి. పక్క అంచు దగ్గర చెక్కపుల్లతో మెల్లగా కదపండి. రాకపోతే మళ్ళీ నానబెట్టండి, బలం వాడకండి. ఇలా తీసినవాటిని లోపలి జిగురు గీకి, ఆరబెట్టి, డబ్బాలో దాచుకుంటే మళ్ళీ పనికొస్తాయి. విద్యార్థుల జేబుకు ఇది చిన్న సంగతి కాదు. అప్పటికీ వదలకపోతే అసిటోన్‌తో తడిపిన దూదిని పావుగంట చుట్టి ఉంచండి. జిగురు కరుగుతుంది, ప్లాస్టిక్ గోరు కూడా పాడవుతుంది. కిటికీలు తెరిచి, దగ్గర్లో నిప్పు లేకుండా చూసుకోండి. తర్వాత చేతులు కడిగి నూనె రాసుకోండి. మళ్ళీ పెట్టుకునే ముందు సొంత గోళ్ళకు వారం పది రోజులు సెలవివ్వండి. చిగురు రేగినా, తామర లాంటిది పట్టినా, సొంత గోరు పొరలు లేస్తున్నా అవి నయమయ్యేదాకా అసలు జోలికే పోవద్దు.

రెండు వారాలు దాటాక గోళ్ళు గట్టిగానే ఉన్నా తీసేయమంటాను నేను. ఈలోగా సొంత గోరు ఒకటిన్నర మిల్లీమీటర్లు పెరిగి, పైగోరు ముందుకు జరిగి ఉంటుంది. మొదట్లో ఖాళీ ఏర్పడి, బరువంతా కొసకు చేరుతుంది. వేడుకకు వచ్చిన చుట్టాన్ని మర్యాదగా సాగనంపితేనే మళ్ళీ పండక్కి సంతోషంగా వస్తాడు. పెట్టుడు గోళ్ళూ అంతే. మూణ్ణాళ్ళ ముచ్చటను పదిహేను నాళ్ళు చేసుకోవచ్చు. ఆ పైన ఆశపడితే నష్టపోయేది డబ్బాలోని గోళ్ళు కావు, పుట్టుకతో వచ్చిన పదీ.

వచ్చే వార్షికోత్సవానికి నా గది తలుపు తెరిచే ఉంటుంది. వచ్చేవాళ్ళు చేతులు కడుక్కుని, తుడుచుకుని రావాలని ప్రార్థన.